అత్తగారి రంగు

ఆ ఆదివారం పొద్దున గ్యారంటీగారు పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. కాఫీ తాగాలి, అత్తగారి ఫోటో ప్రింటు తీయాలి, స్నానం చేయాలి. ఈ మూడూ ఎండెక్కేలోగా అయిపోతాయని భార్యకు మాటిచ్చాడు.

ఆయన ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. ఊళ్ళో ఏ కొత్త లిఫ్టయినా ఆయన ఎక్కి, దిగి, అటూ ఇటూ కుదిపి చూసి సంతకం పెట్టాకే జనం అందులో కాలు పెట్టాలి. అనుమానపు మనిషి చేయగలిగే ఉద్యోగం కాదది. ఆయనలో అనుమానం మచ్చుకైనా లేదు. ఏ మాట అన్నా చివర "గ్యారంటీ" అని ముద్ర వేసేవాడు. ఇవాళ వాన రాదు, గ్యారంటీ. ఈ పుచ్చకాయ ఎర్రగా ఉంటుంది, గ్యారంటీ. ఆ తర్వాత తడిసి ముద్దయినా, కాయ తెల్లగా తేలినా, ఆ మాట మీద ఆయన నమ్మకం ఇసుమంతైనా సడలలేదు. అపార్టుమెంటులో పిల్లా పెద్దా అందరికీ ఆయన గ్యారంటీగారే.

ఫోటో పని ఎందుకు వచ్చిందంటే, ఆ సాయంత్రమే అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడి ఎన్నిక. ఒకవైపు రెండో అంతస్తు పళ్ళ డాక్టరుగారు. వెనక ఖాళీస్థలాన్ని చదును చేయించి కార్లు నిలుపుకునే చోటుగా మారుస్తానని ఆయన వాగ్దానం. రెండోవైపు గ్యారంటీగారి అత్తగారు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. "అక్కడ కార్లు పెడితే మరి పిల్లలెక్కడ ఆడుకోవాలి? కార్లలోనా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి పోటీకి దిగింది. కూతురింటికి వచ్చాక ఆవిడ దేనికైనా ఇంత పట్టుదలగా నిలబడటం ఇదే మొదలు. ఆ ఖాళీస్థలంలో మోకాళ్ళు దోక్కుపోయిన పిల్లలకు కట్లు కట్టడమే ఆవిడకు మిగిలిన ఉద్యోగం.

డాక్టరుగారి ఫోటోలు అప్పటికే అన్ని లిఫ్టుల్లోనూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాయి.

గ్యారంటీగారు కంప్యూటర్ ముందు కూర్చుని, అత్తగారు నీలం శాలువా కప్పుకుని ఉన్న ఫోటో తెరిచాడు. సెట్టింగుల్లో ఎక్కడ "రంగులు మెరుగుపరచాలా?" అని అడిగితే అక్కడ టిక్కు పెట్టి ప్రింటు నొక్కాడు. మెరుగు వద్దనేవాడు ఎవడుంటాడు? ప్రింటర్ కాసేపు మూలిగి కాగితం బయటపెట్టింది. అత్తగారి మొహం కందగడ్డలా ఉంది.

"అమ్మకేంటండీ, అంత కోపమొచ్చింది?" అంది భార్య వెనకనుంచి తొంగిచూసి.

"కోపం కాదు, ఇంకు. స్క్రీన్ మీద బాగానే ఉంది, కాగితం మీదే ఎర్రగా వస్తోంది. అంటే ఈ ప్రింటర్‌కి ఎరుపంటే మోజు. ఒకవైపు ఒరిగిన లిఫ్టుకి ఏం చేస్తాం? రెండోవైపు బరువేస్తాం. ఫోటోలోనే ఎరుపు తగ్గించేస్తే సరి. గ్యారంటీ."

ఫోటోలో ఎరుపు తగ్గించాడు. పసుపు పెంచాడు. ఇంకాస్త పెంచాడు. దాన్ని పాతదాని మీదే సేవ్ చేశాడు. స్క్రీన్ మీద అత్తగారు పండు నిమ్మకాయలా ఉంది కానీ, కాగితం మీద మాత్రం అచ్చు గుద్దినట్టు అత్తగారే వచ్చింది. ఆ కాగితాన్ని భార్య ముందు గాలిపటంలా ఊపాడు.

"చూశావా? అన్ని లిఫ్టులకీ సరిపడా కాగితాలు పెట్టాను. నువ్వొచ్చి ప్రింట్ నొక్కెయ్, అంతే. నేను స్నానానికి పోతున్నా."

ఆయన భార్య నర్సు కూతురు. డబ్బా మీద రాసింది చదవకుండా మాత్ర మింగని మనిషి. ప్రింటు నొక్కబోతూ అక్కడ రాసింది కూడా చదివింది. రంగులు ఈ ప్రోగ్రామ్ దిద్దుతుంది అన్న చోట ఒక టిక్కు ఉంది. రంగులు ప్రింటర్ దిద్దుతుంది అన్న చోట ఇంకోటి ఉంది. ఒక్క ఫోటోకి ఇద్దరు దిద్దేవాళ్ళెందుకు అనుకుని, ప్రింటర్ దగ్గరున్న టిక్కు తీసేసి, ప్రింట్ నొక్కింది. ఇంతలో వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చి అటు పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు పిన్నిగారు గమ్ముసీసాతో లోపలికి వచ్చింది. ఈవిడ అత్తగారికి కుడిభుజం. పోస్టర్లంటించే పని తన మీద వేసుకుంది. ప్రింటర్ ఒక్కో కాగితమే పెడుతూంటే పైది చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది. మొహం పచ్చగా ఉంది. కళ్ళలో తెల్లగుడ్లు కూడా పచ్చగా ఉన్నాయి. ఈ రంగు పిన్నిగారికి తెలుసు. ఆవిడ మేనమామ ఇదే రంగుతో పోయాడు.

మూసి ఉన్న గదిలో అత్తగారు సాయంత్రం ఉపన్యాసం వల్లె వేసుకుంటోంది. మధ్యలో గొంతు సవరించుకోవడానికి ఒకసారి దగ్గింది. పిన్నిగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 'ఇంత జబ్బు పెట్టుకుని కూడా పిల్లల కోసం నిలబడిందా మహాతల్లి! ఇంట్లోవాళ్ళు పైకి చెప్పుకోలేక, ఉన్నదున్నట్టు ఫోటో తీయించారన్నమాట' అనుకుంది. పక్కవాళ్ళ బాధ మనం ఎత్తకూడదన్న మర్యాద తెలిసిన మనిషి కనుక, ఎవరినీ పిలవకుండా కాగితాలన్నీ తీసుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

పోస్టర్లు అంటిస్తూ ఆవిడ ఒక్కో అంతస్తులో ఒక్కరికి మాత్రమే ఆ సంగతి చెప్పింది. అదీ ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని. దాంతో కబురు లిఫ్టు కంటే ముందు పై అంతస్తుకి చేరింది.

గ్యారంటీగారు తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఇంట్లో జనం. ఒకాయన బత్తాయిలు తెచ్చాడు. ఒకావిడ చక్కెర వేయని బార్లీనీళ్ళు తెచ్చింది. మధ్యలో అత్తగారు వెలిగిపోతూ కూర్చుంది.

"మీరేం దిగులు పెట్టుకోకండి, మేమంతా ఉన్నాం" అంది బార్లీనీళ్ళావిడ.

"మీరున్నారన్న ధైర్యంతోనేగా దిగాను!" అంది అత్తగారు.

"ఇప్పటిదాకా చేసింది చాలు. ఇంక విశ్రాంతి తీసుకోండి."

"విశ్రాంతేంటండీ? అసలు పని రేపట్నించి కదూ!"

బార్లీనీళ్ళావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. బత్తాయిలాయన గుమ్మంలో ఆవిడతో, "మొహంలో ఏం తెలియట్లేదు. పౌడరు బాగా దట్టించినట్టున్నారు. ఎంత గుండె ధైర్యం!" అన్నాడు నెమ్మదిగా.

వాళ్ళు వెళ్ళాక అత్తగారు అల్లుణ్ణి పిలిచింది. "చూశారా అల్లుడుగారూ, గాలి మనవైపు తిరిగింది. మీ ఫోటోల మహిమే."

"నేను చెప్పలేదూ అత్తయ్యగారూ? గెలుపు గ్యారంటీ!" అని, తన పనితనం కళ్ళారా చూసుకుందామని ఆయన లిఫ్టు దగ్గరికి వెళ్ళాడు.

లిఫ్టులో అప్పటికే ఇద్దరున్నారు. ఆయన్ని చూడగానే మాటలాపేశారు. పోస్టరు తలుపు పక్కగోడకు ఉంది. లోపలికి అడుగుపెట్టి వాళ్ళవైపే చూస్తున్న ఆయనకు అది వీపు వెనక పడింది. ఒకాయన ఆయన చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండండి సార్" అన్నాడు.

"నాకేమండీ! సాయంత్రం హాల్లో చూడండి మా అత్తగారి తడాఖా."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఈయనకింకా చెప్పినట్టు లేరు" అన్నాడు రెండో ఆయన, దిగిపోతూ.

గ్యారంటీగారికి ఏదో తేడాగా తోచింది. వెనక్కి తిరిగాడు. లిఫ్టు దీపం కింద అత్తగారు పచ్చటి కళ్ళతో ఆయన్నే చూస్తోంది. ఎన్నో లిఫ్టులు ఎక్కి దిగిన మనిషికి మొదటిసారి లిఫ్టులో కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. మెట్ల మీదుగా ఇంటికి పరుగెత్తాడు.

"నువ్వు సెట్టింగుల్లో ఏమైనా ముట్టుకున్నావా?"

"రెండు చోట్ల టిక్కుంటే ఒకటి తీశాను. ఇద్దరూ దిద్దితే ఎక్కువైపోదూ?" అంది భార్య.

కసురుకుందామని నోరు తెరిచినవాడు అలాగే ఆగిపోయాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ అన్నది నిజం. పొయ్యి మీదున్న కూరలో కోడలొచ్చి ఉప్పు వేస్తే, ఆ సంగతి తెలియక అత్తొచ్చి మళ్ళీ వేసినట్టయింది. పొద్దున ఎర్రదనం అదే. ప్రోగ్రామూ దిద్దింది, ప్రింటరూ దిద్దింది. తను ఆ రెండు ఉప్పుల్లో ఒకటి తీయడం మానేసి, కూరలో చింతపండు పిండాడు. తీరా పిండాక భార్య వచ్చి ఒకరి ఉప్పు తీసేసింది. ఇక మిగిలింది పులుపే.

"తప్పు ప్రింటర్‌ది కాదు" అన్నాడు చివరికి. అంతమాట ఆయన నోటి వెంట రావడం భార్య ఎన్నడూ వినలేదు. "నాది. అసలు ఫోటో మీదే సేవ్ కూడా చేశాను."

"అసలుది నా ఫోన్లో ఉందిలెండి. తీసింది నేనేగా."

అంతే, ఆయనకు మళ్ళీ ప్రాణం లేచి వచ్చింది. ఫోన్లోంచి ఫోటో ఎక్కించాడు. రంగులు దిద్దే పని ప్రోగ్రామ్ ఒక్కదానికే అప్పగించి, ప్రింటర్‌ను ఆ జోలికి రానివ్వలేదు. పెట్టింది ఫోటో కాగితమే అయినా పొద్దున మామూలు కాగితమని ఉన్నచోట, ఈసారి ఫోటో కాగితమని మార్చాడు. ఒక్క ప్రింటు తీసి, తడి ఆరనిచ్చి, కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. శాలువా నీలంగా ఉంది. మొహం మొహంలా ఉంది.

"ఇదీ!" అన్నాడు. "ఇది గ్యారం..."

మాట పూర్తి కాకముందే అత్తగారు వీధి తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో లిఫ్టులోంచి పీకిన పోస్టరు. కళ్ళజోడు పెట్టుకుని దాన్ని నిదానంగా పరీక్షించింది.

"కళ్ళు కూడా పచ్చబడ్డాయి. ఈ మనిషిని ఈపాటికి వార్డులో చేర్పించి సెలైన్ ఎక్కించాలి. ఎవరీవిడ?"

"మీరే అత్తయ్యగారూ."

ఆవిడ బల్లమీదున్న బత్తాయిల వైపు చూసింది. బార్లీనీళ్ళ సీసా వైపు చూసింది.

"అయితే పొద్దుట్నించీ వచ్చినవాళ్ళంతా ఓట్లెయ్యడానికి రాలేదన్నమాట" అంది. "చివరిచూపుకొచ్చారు."

అల్లుడు జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. చెప్పి, "పోనీ, సాయంత్రం దాకా మాట్లాడకుండా ఉంటే..." అని నసిగాడు.

"నసక్కండి. లేని రోగం ఉందని పడుకున్నవాళ్ళని ఎంతమందిని లేపి ఇంటికి పంపానో నాకే తెలీదు. ఇప్పుడు నేనే పడుకోనా? మంచి ఫోటో ఇలా ఇవ్వండి. అందరి ముందూ చెప్పేస్తాను" అంది ఆవిడ.

సాయంత్రం కింద హాలు కిటకిటలాడిపోయింది. అత్తగారు లోపలికి రాగానే జనమంతా లేచి నిలబడ్డారు. పిన్నిగారు కుర్చీ మీద దిండు వేసింది. ఆవిడ నోరు తెరవబోతూంటే పళ్ళ డాక్టరుగారు అడ్డం వచ్చారు.

"మీరు మాట్లాడి అలిసిపోకండి అమ్మా. ముందు నన్ను చెప్పనివ్వండి." ఆయన చేతులు జోడించారు. పళ్ళు ఒక్కటీ కనబడలేదు. "ఇలాంటి మనిషి మీద పోటీ చేశానంటే నాకే సిగ్గుగా ఉంది. నేను తప్పుకుంటున్నాను. వెనక స్థలం పిల్లలదే. అక్కడ కారు పెట్టే మొదటివాణ్ణి నేను కాను, ఎవర్నీ కానివ్వను. అందరి ముందూ మాటిస్తున్నాను!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. అవి సద్దుమణిగాక అత్తగారు లేచి, దిండు తీసి పిన్నిగారి చేతికిచ్చింది. మంచి ఫోటో అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"నాకే జబ్బూ లేదు. జబ్బు పడింది మా ఇంట్లో ప్రింటర్ సెట్టింగులు." అని, అల్లుడు తప్పు ఒప్పుకున్న సంగతితో సహా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. హాల్లో ముందు ఒక మూల నవ్వు, ఆ తర్వాత అన్ని మూలలా నవ్వు. "జాలి పడి ఇచ్చిన కుర్చీలో నేను కూర్చోను. నేనూ తప్పుకుంటున్నాను. పిల్లల స్థలం పిల్లలకి దక్కింది, నాకదే చాలు. డాక్టరుగారూ, మీరే ఉండండి."

"నేనా?" డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. "ఇంతమంది ముందు వద్దన్నవాణ్ణి మళ్ళీ కావాలంటే నవ్వరూ? మాటంటే మాటే. మీరే ఉండండి."

"నేనుండను."

"నేనూ ఉండను."

ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అధ్యక్షుడి కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. జనం గుసగుసలాడారు. గోడవారగా నిలబడిన గ్యారంటీగారు ఇంతసేపూ భార్య పక్కన గుట్టుగానే ఉన్నాడు. కానీ ఊరకుండటం ఆయన ఒంటికి సరిపడదు.

"దీనికింత ఆలోచనేంటండీ? ఎవరో ఒకరు బాధ్యత తీసుకుంటే చాలు. ఇద్దరు దిద్దడానికి పోతేనే చెడుతుంది. ఒక్కరు చాలు, గ్యారంటీ!"

హాలంతా ఆయన వైపు తిరిగింది.

"అల్లుడుగారున్నారుగా!" అంది పిన్నిగారు. "తప్పు చేస్తే దాచుకోకుండా ఒప్పుకునే మనిషి మనకెక్కడ దొరుకుతాడు?"

"నేను ప్రతిపాదిస్తున్నాను" అన్నారు డాక్టరుగారు, పళ్ళన్నీ బయటపెట్టి.

"నేను బలపరుస్తున్నాను" అంది అత్తగారు.

ఆయన వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పటికే చేతులన్నీ పైకి లేచాయి. వాటిలో భార్య చెయ్యి కూడా ఉంది.

మర్నాడు తెల్లవారుతూనే కొత్త అధ్యక్షుడికి, లిఫ్టు గోడలకు అంటిన గమ్ము ఎప్పుడు గీకిస్తారని, మొదటి ఫిర్యాదు అందింది. అది పక్కగదిలోంచి వచ్చింది.