ఎవరిదీ కాని వీపు

ఆ ఉదయం లెక్కల మాస్టారు పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దడం, కారుతున్న కుళాయికి వాషరు కొనడం, సాయంత్రం మీటింగులో వైస్ ప్రిన్సిపాల్ అయిపోవడం. మొదటి రెండూ అవుతాయో లేదోనని ఆయనకు అనుమానం ఉంది గానీ, మూడోదాని మీద ఏ అనుమానమూ లేదు. ప్రిన్సిపాల్ మేడమ్ నిన్ననే నవ్వుతూ, "రేపు మంచి చొక్కా వేసుకు రండి మాస్టారూ" అన్నారు.

ఆ మంచి చొక్కా కాస్తా తీగ మీద తడిగా వేలాడుతోంది.

"పాతది వేసుకోండి. వీపు దగ్గర పల్చబడింది, మరీ వంగకండి," అంది భార్య.

"నా వీపు ఎవరు చూస్తారే!" అన్నారు మాస్టారు.

వాళ్ళుంటున్న రెండు గదుల ఇల్లు బడిది. కూతురు తొమ్మిదో తరగతి చదువుతున్నదీ ఆ బడిలోనే, మాస్టారి పిల్ల కాబట్టి ఫీజు లేకుండా. ఉద్యోగం అనే ఒక్క మేకుకి ఇల్లూ, చదువూ, పరువూ అన్నీ తగిలించి ఉన్నాయని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. వైస్ ప్రిన్సిపాల్ అయితే ఆ మేకు ఇంకాస్త లోపలికి దిగుతుందని మాస్టారి ఆశ.

బడి హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురు గోడకి మనిషెత్తు బొమ్మ కనిపించింది. ఓ కుర్రవాడు ముక్కాలిపీట మీద అటు తిరిగి కూర్చున్నాడు. ఒంటి మీద నూలుపోగు లేదు. నడుము కింది భాగాన్ని చిత్రకారుడు మర్యాదగా చీకట్లో కలిపేశాడు గానీ, వీపుని మాత్రం కండకండా విడదీసి వేశాడు. కింద ఇత్తడి పలక మీద 'శ్రమ' అని ఉంది.

"ఎలా ఉందండీ?" అన్నారు కరస్పాండెంటు గారు. బడి ఆయనదే, గోడలూ ఆయనవే. "వేలంలో కొట్టాను. వేసినాయన పోయాక రేటు ఇంకా పెరిగిందట. రేపు విద్యాశాఖ అధికారి గారి చేత ఆవిష్కరణ. కష్టపడ్డం అంటే ఏంటో పిల్లలకి తెలియాలి కదా!"

మాస్టారు బొమ్మకి ఇంకాస్త దగ్గరికి జరిగారు. బొమ్మలోని కుర్రవాడి కుడి భుజం కింద గోధుమరంగు త్రికోణం మచ్చ ఉంది. చిన్నప్పుడు అక్క ఇస్త్రీ చేస్తుంటే వెనక్కి వెనక్కి నడిచి పెట్టె మీద పడితే కాలిన మచ్చ అది. తన వీపుని తాను అంత తీరిగ్గా చూసుకోవడం మాస్టారికి అదే మొదటిసారి. బాగానే ఉండేదని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ తర్వాతే గుండె గుభేలుమంది.

కాలేజీ రోజుల్లో హాస్టల్ భోజనం దక్కడానికి, ఒక సెలవులంతా బొమ్మల కాలేజీలో చిత్రకారుల ముందు అలా కూర్చున్నారాయన. ఎవరినీ ముట్టుకున్నది లేదు, ఎవరినీ మోసం చేసింది లేదు. కదలకుండా కూర్చోవడమే పని. కడుపు నిండింది, సెలవులు అయిపోయాయి, సంగతి ఆయనా మర్చిపోయారు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

గుభేలుమనడానికి కారణం మరొకటి ఉంది. కిందటేడు సంగీతం టీచర్ని తీసేశారు. పెళ్ళికి ముందు ఆవిడ ఏదో హోటల్లో, తాగేవాళ్ళ మధ్య పాటలు పాడేదని ఎవరో మోసుకొచ్చారు. బడికి ప్రవర్తన కమిటీ అని ఒకటుంది. కరస్పాండెంటు, ప్రిన్సిపాల్ మేడమ్, తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు, సిబ్బంది తరఫున లెక్కల మాస్టారు. నలుగురూ చెయ్యెత్తితేనే ఉద్యోగం పోవాలని నియమం. ఆ రోజు అందరికంటే ముందు లేచిన చెయ్యి లెక్కల మాస్టారిదే.

"ఇక్కడ ఎండ పడుతుందేమోనండీ. రంగు వెలిసిపోతుంది. స్టోరు రూములో పెడితే క్షేమం," అన్నారు మాస్టారు.

కరస్పాండెంటు గారి కళ్ళు మెరిశాయి. "కళంటే మీకింత ప్రాణమని తెలీదే! క్లాసులు మానేయండి. ఇవాళంతా దీని దగ్గరే ఉండండి. తరగతులన్నీ వరసగా వస్తాయి, రేపు అధికారి గారు అడిగితే చెప్పగలిగేలా పిల్లలకి మీరే వివరించండి."

అలా లెక్కల మాస్టారు పొద్దుటి నించీ తన వీపు పక్కన తానే నిలబడి, దాని గొప్పతనం పిల్లలకి వివరించాల్సి వచ్చింది. "ఈ భుజాలు చూడండి. ఎంత బరువు మోశాయో!" అన్నారు ఆరో తరగతితో. "ఈ మచ్చ ఏంటి సార్?" అని అడిగింది ఏడో తరగతి. "శ్రమ," అన్నారు మాస్టారు. ఎనిమిదో తరగతి పేపర్ల గురించి అడిగింది. ఎనిమిదో తరగతిని కసిరి పంపేశారు.

తొమ్మిదో తరగతి వచ్చింది. వరసలో మూడో పిల్ల ఆయన కూతురు. వేసవిలో చెమటకాయలు పేలితే ఆయన వీపుకి పౌడరు రాసేది ఆ పిల్లే. బొమ్మ వంక చూసింది. మచ్చ వంక చూసింది. తర్వాత తండ్రి వంక చూసి, గబుక్కున తల దించుకుని, వరసతో పాటు వెళ్ళిపోయింది. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. పిల్ల కనిపెట్టిందంటే పెద్దలు కనిపెట్టడం ఎంతసేపు!

మధ్యాహ్నం భోజనాల వేళ హాలు ఖాళీ అయింది. మాస్టారు పరుగున డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్ళి బూట్ల పాలిష్ అడిగారు.

"మీరు వేసుకునేది చెప్పులు కదండీ?"

"చెప్పులకే."

"చెప్పులకి పాలిషా! వైస్ ప్రిన్సిపాల్ అంటే ఇంత ఉందన్నమాట," అంటూ ఆయన గోధుమరంగు డబ్బా చేతిలో పెట్టారు.

మాస్టారు కుర్చీ ఎక్కి, వేలితో పాలిష్ తీసి మచ్చ మీద రాశారు. మచ్చ మాయమైంది. దాని చుట్టూ చర్మం రంగు తేడా కొట్టింది. తేడా పోవడానికి ఇంకాస్త రాశారు. కుడి భుజం నల్లబడింది. రెండూ సమానంగా ఉండాలి కాబట్టి ఎడమ భుజానికీ రాశారు. లెక్కల మనిషి కదా, ఒకవైపు చేసింది రెండోవైపూ చెయ్యకుండా ఉండలేరు. అంతలో వరండాలో కరస్పాండెంటు గారి గొంతు వినిపించింది.

మాస్టారు కంగారుగా వంగారు. కాలరు పోయి ఫ్రేము కొక్కేనికి తగులుకుంది. కుర్చీ జారింది. చొక్కా మెడ దగ్గర్నుంచి నడుము దాకా చర్రున చిరిగింది, మాస్టారు గోడకేసి తిరిగి చతికిలబడ్డారు. వెన్నులో ఏదో కలుక్కుమంది. లేవలేక అలాగే కూర్చుండిపోయారు.

కరస్పాండెంటు గారూ, తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడూ లోపలికి వచ్చేసరికి గోడ మీద ఒక వీపూ నేల మీద ఒక వీపూ ఉన్నాయి. కరస్పాండెంటు గారికి ముందు గోడ మీదిదే కనిపించింది. "నా బొమ్మ!" అని కేక పెట్టి, జేబురుమాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. పాలిష్ కింద నుంచి త్రికోణం మెల్లగా బయటపడింది. అధ్యక్షుడు మాత్రం నేల మీదికి చూస్తున్నాడు.

"ఇది కూడా త్రికోణమే. లంబకోణం లాగుంది," అన్నాడు వంగి చూస్తూ.

"కాదండీ, సమద్విబాహు త్రిభుజం," అన్నారు మాస్టారు అలవాటు కొద్దీ.

సాయంత్రం జరగాల్సిన మీటింగు అప్పటికప్పుడే జరిగింది, ఎజెండా మాత్రం మారింది. ప్రిన్సిపాల్ గదిలో నాలుగు కుర్చీలు. మాస్టారు భుజాల మీద డ్రిల్లు మాస్టారి తువ్వాలు కప్పుకుని తన కుర్చీలోనే కూర్చున్నారు. కమిటీ సభ్యుడు కదా, బయటికి పంపడానికి వీల్లేదు.

"అసలా బొమ్మ అసభ్యమా కాదా?" అని అడిగారు మేడమ్.

"కళ!" అన్నారు కరస్పాండెంటు గారు. "ఎంత పెట్టి కొన్నాననుకున్నారు!"

"వీపు ఎవరిదో తెలియనంతవరకే అది కళండీ," అన్నాడు అధ్యక్షుడు. "తెలిశాక అది లెక్కల మాస్టారు. మా పిల్లలు ఆయన బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఏం చూసినట్టు?"

"అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు," అన్నారు మాస్టారు. "ఆకలేసి కూర్చున్నాను. ఈ బడి నాకు తెలీదు, నేను ఈ బడికి తెలీదు. దానికీ నేను చెప్పే లెక్కలకీ ఏంటండీ సంబంధం?"

మేడమ్ మెల్లగా అన్నారు. "సంగీతం టీచరు కూడా ఇదే అడిగింది మాస్టారూ. అప్పుడు మీరే అన్నారు, 'మనిషి బడిలోకి వచ్చేటప్పుడు గతాన్ని గేటు దగ్గర వదిలి రాలేడు' అని. చాలా బాగా చెప్పారనిపించింది."

మాస్టారికి సిగ్గేసింది. బట్టల్లేకుండా అంతమంది ముందు కూర్చున్న రోజుల్లో కూడా వెయ్యని సిగ్గు అది. ఆవిడ ఆ రోజు ఇదే గదిలో నిలబడి నలుగురినీ ఒక్కొక్కరినే చూసిందని, తాను ఆ టైములో గోడ మీది గడియారం చూస్తున్నానని గుర్తొచ్చింది.

కరస్పాండెంటు గారికి మాత్రం వేరే దిగులు. రేపు అధికారి గారు తెర తీసి, 'శ్రమ' అంటే మీ లెక్కల మాస్టారేనా అని నవ్వితే, పెట్టిన డబ్బంతా బూడిదలో పోసినట్టే. చాలాసేపు గడ్డం గోక్కుని మాస్టారి వైపు జరిగారు.

"చూడండి, మచ్చలు ఎవరికైనా ఉంటాయి. అది మీ వీపు కాదని ఒక్క మాట అనండి. ఇక్కడితో అయిపోతుంది. బొమ్మా ఉంటుంది, మీరూ ఉంటారు."

మాస్టారికి ఇల్లు గుర్తొచ్చింది. తల దించుకుని వరసలో వెళ్ళిపోయిన పిల్ల గుర్తొచ్చింది. ఒక వీపే కదా అనుకున్నారు.

"నాది కాదు," అన్నారు.

"విన్నారుగా!" అన్నారు కరస్పాండెంటు గారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేడమ్ నవ్వారు కూడా. మాస్టారు తువ్వాలు సర్దుకుని లేవబోయారు.

"ఒక్క నిమిషం," అన్నాడు అధ్యక్షుడు. "ఆయనది కాకపోతే పాలిష్ ఎందుకు పూసినట్టు?"

కరస్పాండెంటు గారి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం జేబురుమాలు వైపు తిరిగాయి. రుమాలంతా గోధుమరంగు. "అవును," అన్నారు నిదానంగా. "ఎవడిదో వీపు, నా బొమ్మ. మీకేం అవసరమండీ?"

మాస్టారు నోరు తెరిచారు. నాదే అంటే ప్రవర్తన. కాదంటే పాలిష్. మళ్ళీ నోరు మూసుకున్నారు.

"బడి ఆస్తికి నష్టం కలిగిస్తే కమిటీ చేతులెత్తక్కర్లేదు, నేనొక్కణ్ణి చాలు," అన్నారు కరస్పాండెంటు గారు. "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయండి."

ఇంటికొచ్చేసరికి కూతురు బొమ్మ సంగతి తల్లితో చెప్పేసింది, మిగతాదంతా ఆయనే చెప్పారు. భార్య తిట్టలేదు, అరవలేదు. ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, వెన్నుకి మందు రాస్తూ కూర్చుంది.

"హాస్టల్లో అన్నం లేక కూర్చున్నారని చెప్తే నేనేమైనా అనేదాన్నా?" అంది చివరికి. "అది సరే, మీది కాదని ఎలా అనగలిగారండీ?"

ఆయన దిండులో మొహం పెట్టుకున్నారు. తడి చొక్కా ఆరిపోయిందని, ఇక దాని అవసరం లేదని చెప్పాలనుకుని చెప్పలేకపోయారు. పక్కగదిలో పిల్ల పుస్తకాలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

తనది కాదని ముగ్గురు పెద్దమనుషుల ముందు ఒప్పుకున్న ఆ వీపు, సలుపు మాత్రం ఆయనకే పెట్టింది.