ప్రార్థన చేసిన మంజీర నీళ్లు

ఆ మంగళవారం పొద్దున రాహేలమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. కొడుకూ కోడలూ డ్యూటీలకు పోగానే బాత్‌రూమ్ కడిగి, కాసేపు నడుం వాల్చాలి. చిల్కానగర్‌లో వాళ్లుండే అద్దె ఇంటి బాత్‌రూమ్‌లో మనిషి తిరగడానికే చోటు లేదు, ఇక వస్తువు దాచడం ఎక్కడ? అయినా సబ్బుపొడి ప్యాకెట్టు వెనక ఒక తెల్ల ప్లాస్టిక్ సీసా దాగి ఉంది. పక్కనే రెండు మూతల చిన్న డబ్బా. సీసా మీద ఇంగ్లీషు అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఆమెకు చదువు తెలుగు బైబిలు వరకే.

సీసాలు దాచే మగవాళ్ల సంగతి రాహేలమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమె పెనిమిటి బియ్యం డబ్బాలో దాచాడు, పరుపు కింద దాచాడు, చివరికి కాలేయం పాడై కాలం చేశాడు. ఇప్పుడు కొడుకు టిమోతి కొన్నాళ్లుగా పొద్దునా సాయంత్రం బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకుంటున్నాడు. బయటికి వచ్చేటప్పటికి కళ్లు తడిగా ఉంటున్నాయి. పెళ్లయి ఏడాది కూడా కాని పిల్లవాడు పొద్దున్నే బాత్‌రూమ్‌లో కూర్చొని ఏం చేస్తాడు?

మూత తీసి వాసన చూసింది. ఏ వాసనా లేదు. వాసన వచ్చేదైతే ఆమె కొంచెం ధైర్యంగా ఉండేదేమో. సీసాలోది మొత్తం మోరీలో పారబోసి, కుళాయి తిప్పి మంజీర నీళ్లు నింపింది. సీసాను రెండు చేతుల్లో పట్టుకొని కళ్లు మూసుకొని, "ప్రభువా, వాళ్ల నాయిన తొవ్వ వీనికి వద్దు" అని ప్రార్థన చేసింది. తరువాత సీసాను సరిగ్గా ఎక్కడిదక్కడ పెట్టేసింది.

అసలు సంగతి ఇక్కడే చెప్పేయడం మంచిది. లేకపోతే మీరు కూడా ఆ పిల్లవాణ్ణి అనుమానిస్తారు. టిమోతికి చిన్నప్పటి నుంచి సోడాబుడ్డి కళ్లద్దాలు. నాచారంలో ఒక మందుల కంపెనీలో, మాత్రల స్ట్రిప్పులు సరిగా ఉన్నాయో లేదో చూసే పని అతనిది. మూతికి మాస్కు కట్టగానే అద్దాలకు ఆవిరి పట్టి ఎదుట ఉన్నది మాత్రో, గుండీయో తెలిసేది కాదు. అందుకని ఒక శనివారం హబ్సిగూడలో కాంటాక్ట్ లెన్సులు తీసుకున్నాడు. ఆ సీసా లెన్సులు కడిగే ద్రావణం, ఆ డబ్బా రాత్రిపూట వాటిని నానబెట్టేది. అంతకు మించి పాపమేమీ లేదు.

మరి దాచడం ఎందుకంటే, దానికి కారణం మళ్లీ రాహేలమ్మే. లెన్సులు కొన్న మర్నాడు చర్చిలో పాస్టరు సంజీవరావు అయ్యగారు వాక్యం చదవమని టిమోతిని పిలిచారు. అతను అద్దాలు లేకుండా గడగడా చదివాడు. ఇంటికి వెళ్లాక అమ్మకు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. అమ్మ అంతదాకా ఆగితే కదా. లేచి నిలబడి, "నా బిడ్డ కండ్ల కోసం ఏండ్ల సంది మోకాళ్ల మీద అడిగిన. ఇయ్యాల దేవుడు ఇచ్చిండు" అని అందరి ముందూ సాక్ష్యం చెప్పి బోరున ఏడ్చింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఎవరో సెల్‌ఫోన్లో తీసిన ఆ సాక్ష్యం బోడుప్పల్ సంఘం దాకా పోయింది. అక్కడికీ పిలిపించి మళ్లీ చెప్పించారు.

"అత్తమ్మకు ఎన్నడు చెప్తవ్?" అని భార్య దోర్కా రోజూ అడిగేది.

"చెప్తే ఆమె మొఖం ఎక్కడ పెట్టుకుంటది? అబద్ధపు సాక్ష్యం అంటరు. మా నాయిన తాగి పడిపోయిన దినాలల్ల ఎవ్వలు పలకరించలే. ఇప్పుడు గదా జర తలెత్తుకొని నడుస్తున్నది."

కనీసం కళ్లయినా కాపాడుకోమని దోర్కా వెంటపడేది. చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకొని గానీ లెన్సు ముట్టొద్దు, పాత ద్రావణం పారబోసి రోజూ కొత్తది పోయాలి, వాటితో పండుకోవద్దు. టిమోతి అన్నీ బుద్ధిగా చేశాడు. రోజూ కొత్తగా, శుభ్రంగా, ప్రార్థన చేసిన మంజీర నీళ్లే పోశాడు.

మర్నాడే కళ్లలో మంట మొదలైంది. తరువాత ఎరుపెక్కాయి. రాహేలమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ ఎరుపును దొంగచూపులు చూసింది. మందు అలవాటైనోళ్లు మానేస్తే మొదట్లో ఇట్లాగే అవుతుందని ఆమె విన్నది. అంటే ప్రార్థన పని చేస్తోంది. ఇంకా గట్టిగా చేయాలి.

టిమోతి అనుమానం షాపు మీదికి పోయింది. సీసా డూప్లికేటు అంటగట్టారని తేల్చుకొని వేరే షాపులో కొత్తది కొన్నాడు. రాహేలమ్మ దాన్నీ వెతికి పట్టి, పారబోసి, నింపి, రెట్టింపు సేపు ప్రార్థన చేసింది. ఈసారి ఎడమ కన్ను వాచింది.

శనివారం కంపెనీలో సూపర్‌వైజర్ ఉమామహేశ్వర్ అతన్ని పక్కకు పిలిచి దగ్గరగా వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"రాత్రి ఏం తీసుకున్నవ్ టిమోతి?"

"ఏం లేదు సార్. సొరకాయ కూర తిన్న."

"సొరకాయకు కండ్లు గిట్ల అయితయా? ఇంటికి పో. డాక్టర్ కాగితం తెస్తెనే లోపలికి రా."

అక్కడి నుంచి టిమోతి నేరుగా హబ్సిగూడ షాపుకు కొట్లాటకు పోయాడు. కౌంటర్ వెనక కళ్లు పరీక్షించే త్రివేణి అతని అరుపులన్నీ విని, కళ్లలో లైటు వేసి చూసింది. ఆమెకూ ఇతని మీద అనుమానమే.

"నీళ్లతోని కడుగుతున్నరా?"

"ఒక్క చుక్క తగలనియ్యలే మేడమ్."

"అందరు గట్లనే అంటరు. ఇప్పుడే తీసేయండి. ఇయ్యాల్నే కంటి డాక్టర్‌కు చూపియ్యండి. బాగయ్యేదాక అద్దాలే పెట్టుకోవాలె."

"అద్దాలు పెట్టుకుంటే మా అమ్మ ఊకోదు మేడమ్" అన్నాడు టిమోతి. త్రివేణి ఈసారి అతని తలకేసి అనుమానంగా చూసింది. లెన్సులు తీయకుండానే బయటపడ్డాడు. ఇంటికి పోయేటప్పటికి గుమ్మం ముందు చాలా జతల చెప్పులున్నాయి.

లోపల సంజీవరావు అయ్యగారు, ప్రార్థన గుంపు ఆడవాళ్లు చాప మీద కూర్చొని ఉన్నారు. దోర్కా తలుపు దగ్గర బిక్కమొహం వేసుకొని నిలబడింది. పని నుంచి అప్పుడే వచ్చిన ఆమెకూ సంగతేమిటో తెలియదు. రాహేలమ్మ ఏడ్చి ఏడ్చి ఉంది. టిమోతిని మధ్యలో కూర్చోబెట్టి అయ్యగారు తల మీద చెయ్యి పెట్టారు. మంటకు అతని కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"పశ్చాత్తాపం వచ్చింది బిడ్డకు" అన్నది ఒకామె పక్కామెతో.

"మీ అమ్మకు అంతా తెలిసింది టిమోతి. ఒప్పుకో" అన్నారు అయ్యగారు.

లెన్సుల సంగతి బయటపడిందనుకొని టిమోతి తల వంచుకున్నాడు. నిజానికి అతనికి గుండె మీద బరువు దిగినట్టే అయింది. "ఒప్పుకుంటున్న అయ్యగారు. రోజు వాడుతున్న."

"ఎవరు అలవాటు చేసిండ్రు?"

"ఎవ్వరు లేరు. హబ్సిగూడల కొన్న. బిల్లు గూడ ఇచ్చిండ్రు."

బిల్లు కూడా ఇస్తున్నారంటే దేశం ఎంత చెడిపోయిందో అని ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దోర్కాకు తెలుసా?"

"ఆమెనే చేతులు మంచిగ కడుక్కొని పెట్టుకోమంటది."

అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. రాహేలమ్మ కోడల్ని చూసిన చూపు మనం రాయకపోవడమే మర్యాద.

"బాగనే ఉండె అయ్యగారు. ఈ వారం సందే మండుతున్నయ్. ఇగ నాతోని కాదు, అందరి ముందట్నే తీసేస్త" అంటూ టిమోతి లేచి చేతులు కడుక్కొని వచ్చి, కనురెప్ప లాగి, వేలు కంట్లో పెట్టాడు. ఒకామె కెవ్వున అరిచింది. పిల్లవాడు పశ్చాత్తాపంతో కన్ను పీక్కుంటున్నాడని ఇంకొకామె అతని మోచెయ్యి పట్టుకొని వేలాడింది. దోర్కా ఆమెను విడిపించేలోపు లెన్సు ఊడి వేలి కొస మీదికి వచ్చింది.

"ఇదేంది?" అన్నారు అయ్యగారు, దాదాపు ముక్కు ఆనించి చూస్తూ.

"లెన్సు అయ్యగారు. మీరు అడిగింది దీని గురించే గదా?"

రాహేలమ్మ బాత్‌రూమ్‌లోకి పరుగెత్తి సీసా తెచ్చింది. "మరి ఇదేందిరా? నువ్వు తాగే మందు గాదా? రెండుమాట్ల పారబోసి మంజీర నీళ్లు నింపి పెట్టిన గదరా, ప్రార్థన జేసి."

ఆ మాట వినగానే దోర్కా ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది.

ఉప్పల్‌లో కంటి డాక్టర్ నల్లగుడ్డు మీద పుండు మొదలైందన్నాడు. ఇంకొన్నాళ్లు నీళ్లే వాడి ఉంటే చూపు పోయేదన్నాడు. లెన్సులకు కుళాయి నీళ్లు గానీ, బోరు నీళ్లు గానీ, కాచిన నీళ్లు గానీ తగలకూడదని, నీళ్లలో ఉండే క్రిములు కంటిని తినేస్తాయని చెప్పాడు.

"ప్రార్థన చేసిన నీళ్లు గూడ వద్దా సార్?" అని అడిగింది రాహేలమ్మ మెల్లగా.

"అవి తాగండమ్మా" అన్నాడు డాక్టర్, చుక్కల మందు రాస్తూ.

తిరుగు ఆటోలో ఆమె కొడుకు చెయ్యి వదల్లేదు. "నా చేతులారా నీ కండ్లు తీస్తుంటి గదరా. నువ్వన్న ఒక్క మాట జెప్పకపోతివి."

"నువ్వు సాక్ష్యం జెప్పినంక నాకు నోరు రాలేదమ్మా."

"నాకు సిగ్గయితదని గుడ్డోనివి అయితవా?" అని గట్టిగా కసిరి, ఆమే మళ్లీ ఏడ్చింది. టిమోతికి కూడా ఏడుపు వచ్చింది, కానీ డాక్టర్ కళ్లు తడపొద్దన్నాడని ఆపుకున్నాడు.

మర్నాడు ఆదివారం. సోడాబుడ్డి అద్దాల కొడుకును పక్కన నిలబెట్టుకొని రాహేలమ్మ సాక్ష్యానికి లేచింది. "రాహేలమ్మా, దీన్ని మనం చిన్నగా ఇంట్లోనే..." అని అయ్యగారు నసిగారు. ఆమె వినలేదు. రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. ఈ మాట తరువాత ఈ సంఘంలో తనను ఎవరూ పలకరించరని ఆమె నిశ్చయించుకునే వచ్చింది.

"నా కొడుకు కండ్లు బాగు కాలే. వాడు కండ్లల్ల లెన్సులు పెట్టుకున్నడు. దేవునికి చేతగాక కాదు, ఆయన చెయ్యకముందే నేను తొందరపడి చెప్పిన. నన్ను క్షమించుండ్రి" అని చెప్పి కూర్చొని కొంగు మొహానికి కప్పుకుంది.

రెండో వరుసలో పెద్దాయన భూషణం గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి కళ్లద్దాల పెట్టె తీసి, అద్దాలు తుడుచుకొని పెట్టుకున్నాడు. "నీ సాక్ష్యం ఇన్న కాణ్ణుంచి నేను గూడ పెట్టుకుంటలేను వదినె. విశ్వాసం తక్కువోడు అంటరేమోనని."

ఆడవాళ్ల వైపు ఒక హ్యాండ్‌బ్యాగు జిప్పు చప్పుడైంది. తరువాత ఇంకొకటి. సంచుల్లోంచి, జేబుల్లోంచి, బైబిళ్ల మధ్యలోంచి అద్దాలు బయటికి వచ్చాయి. అందరూ పెట్టుకున్నాక ముందుకు చూశారు. సంజీవరావు అయ్యగారు కాసేపు తటపటాయించి, బల్ల సొరుగు లాగి తన అద్దాలు కూడా తీసుకున్నారు. రాహేలమ్మ కొంగు తీసి చూసి, ఆ మొహాలన్నీ తనవైపే నవ్వుతుండడం చూసి, నమ్మలేక టిమోతిని అడిగి ఖాయం చేసుకుంది.

అయ్యగారు పాటల పుస్తకం తెరవమన్నారు. ఆ ఆదివారం, చాలా వారాల తరువాత, అక్షరాలు కనబడి సంఘమంతా ఒకే చరణం పాడింది.