చెయ్యి కడగని భోజనం

గువ్వలదిన్నె జనం జలాశయం అడుగున, మునిగిపోయిన తమ ఇళ్ళలోనే, నేటికీ కాపురాలు చేసుకుంటున్నారంటే దానికి కారణం మీరు. ఆ జనాన్నే శని ఆదివారాలు పైకి పిలిచి గుడారాల్లో దిగిన టూరిస్టులకు వంటలు చేయిస్తున్నదీ మీరే. ఆనకట్ట కట్టినవాళ్ళు, గట్టు మీద గుడారాలు వేసినవాళ్ళు, రెంటికీ వచ్చి రిబ్బన్లు కత్తిరించినవాళ్ళు, అందరూ నిలబడి వినండి. కుర్చీల సంగతి తర్వాత చూద్దాం.

ఆనకట్ట పూర్తయినప్పుడు గువ్వలదిన్నెలో అందరికీ పునరావాసం ఇచ్చేశామని పైకి రాసేశారు. ఇచ్చేసినదాన్ని మళ్ళీ ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. ఇవ్వకపోతే పోవడానికి చోటు లేదు. అందుకని జనం ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. నీళ్ళు గడప దాటాయి, మంచాలెక్కాయి, తలల మీదుగా పోయాయి. మొదట్లో ఊపిరికి కాస్త ఇబ్బందయిందట. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు కిందనే వాకిళ్ళు ఊడుస్తారు, పొద్దున్నే తలలు దువ్వుకుంటారు, ఉతికిన చీరలు దండేల మీద ఆరేస్తారు. ఆరవు. అయినా ఆరేస్తారు, తడిబట్ట కుప్పేసి పెడితే ఇంటికి మంచిది కాదని.

తర్వాత టూరిజం వచ్చింది. గట్టు మీద గుడారాలు లేచాయి. 'మీరు మా అతిథులు. మీ భోజనం మా బాధ్యత. - జలాశయ శాఖ' అని ఇంత పెద్ద బోర్డు లేచింది. వచ్చినవాళ్ళకు ఆ ప్రాంతపు తిండి కావాలి, ఆ తిండి వండటం తెలిసినవాళ్ళు నీళ్ళ కింద ఉన్నారు. శాఖవారు ఆలోచించి ఒక ఉత్తర్వు ఇచ్చారు: గట్టు మీద తినడం మొదలుపెట్టిన అతిథి తింటున్నంతసేపూ, ఆ అతిథికి వంటకు పెట్టిన మునక మనుషులు పైన ఉండవచ్చు. తినడం ముగిసిన వెంటనే దిగిపోవాలి. దిగమని ఎవరూ గెంటక్కర్లేదు. ఉత్తర్వు ఎంత బలంగా రాశారంటే, అతిథి నోరు ఆగగానే వాళ్ళ కాళ్ళు వాటంతటవే నీళ్ళ వైపు నడుస్తాయి.

ఆ శనివారం పొద్దున హైదరాబాదు నుంచి విశాల, నిరంజన్ అనే దంపతులు కారు దిగారు. ఇద్దరికీ ఆఫీసులు, ఇద్దరికీ నడుం నొప్పులు. రెండు రోజులు ఫోన్లు మూసేసి, నీళ్ళ పక్కన పడుకుని, కొండెక్కి, మంచి తిండి తిని పోదామని వచ్చారు. అందులో తప్పేమీ లేదు. కష్టపడే మనిషికి సెలవు ఉండాలి.

క్యాంపు మేనేజరు ఓబులేసు వాళ్ళకు గుడారం చూపించాడు. ఇతనిది పక్క ఊరే. వాళ్ళ ఊరు కాస్త మిట్ట మీద ఉండబట్టి మేనేజరయ్యాడు, లేకపోతే వంటవాడయ్యేవాడు. నీళ్ళ అంచుకు పోయి చప్పట్లు కొట్టాడు. విశాల ఆకలికి ఆగలేక ఇలా ఒక బిస్కెట్టు నోట్లో వేసుకుందో లేదో, నీళ్ళలోంచి తలలు లేచాయి. ముందు సుంకులమ్మ, వెనక ఆమె కొడుకు బజారి, అతని వెనక నిండు కడుపుతో కోడలు వీరేశమ్మ. వెంట తెచ్చిన వంట బోసులు వంచి నీళ్ళు పారబోశారు. ఒక చిన్న చేప కూడా పడింది. సుంకులమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి మళ్ళీ నీళ్ళలో వదిలింది.

"చేపల పులుసు ఉంటుందా?" అని అడిగాడు నిరంజన్.

"అదొక్కటీ అడగొద్దు సారూ," అంది సుంకులమ్మ. "మేము చేపలు వండం. ఉగ్గాని చేస్తా, మిరపకాయ బజ్జి చేస్తా, తిని చూడు."

తిని చూశారు. తడిసిన బొరుగుల మీద వేయించిన పప్పుల పొడి, నిమ్మకాయ, పక్కన పొగలు కక్కే బజ్జి. విశాలకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, సగం కారానికి, సగం సంతోషానికి. చాలా ఏళ్ళుగా ఆమె పొద్దుటి తిండి కారులోనే తింటోంది. "అమ్మా, నీ చేతికి దండం పెట్టాలి," అంది.

"పెట్టొద్దులే. ఇంకొంచెం పెట్టించుకో," అంది సుంకులమ్మ.

సాయంత్రం బజారి వాళ్ళను కొండకు తీసుకుపోయాడు. బయల్దేరే ముందు ఇద్దరి చేతుల్లోనూ ఉడకేసిన చెనిక్కాయల సంచులు పెట్టాడు.

"నోరు ఆడుతుండాల సారూ. మీరు నమలడం ఆపితే నేను దిగిపోతా. మళ్ళీ దోవ తెలీదంటారు, ముందే చెప్తాండా."

కొండ సగం ఎక్కాక వెనక్కి తిరిగి చూస్తే జలాశయం అద్దంలా ఉంది. అడుగున ఇళ్ళ కప్పులు, సందులు, దండేల మీద ఊగే చీరలు స్పష్టంగా కనిపించాయి. "ఆ తెల్లగోడది మా బడి. దాని పక్కన..." అని బజారి చెబుతుంటే నిరంజన్ కెమెరాతో ఫోటో తీయబోయి నమలడం ఆపాడు. విశాల అప్పటికే నోరు తెరుచుకుని చూస్తోంది. బజారి కాళ్ళు గిర్రున తిరిగాయి. "...నీలం తలుపుది మా ఇల్లు. ఎదురుగా ఉండేది మా చిన్నాయన వాళ్ళది..." అంటూనే బండల మీదుగా దిగిపోతున్నాడు. విశాల గబగబా గుప్పెడు గింజలు నోట్లో వేసుకుంది. అతను ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎక్కి వచ్చాడు.

"అట్లనే నములుతాండు మా. శానా మేలు."

"కింద ఎలా ఉంటుంది?" అని అడిగింది విశాల, నములుతూ.

"బాగనే ఉంటాది. ఎండ తక్కువ. కరువు సీమ అంటారు గానీ, మాకు నీళ్ళకేం కొదవ లే."

ఆ రోజు దంపతులిద్దరూ సుఖంగా నిద్రపోయారు. ఇంత మంచి గాలి, ఇంత మంచి మనుషులు, ఇదంతా మనకు దొరికింది చూడు అనుకున్నారు. నిజంగానే అనుకున్నారు. వాళ్ళ కృతజ్ఞతలో కల్తీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర వచ్చింది అసలు సంగతి.

గుడారం ముందు చెట్టు నీడన విస్తర్లు వేశారు. వీరేశమ్మ పొయ్యి దగ్గర కూర్చుని జొన్న రొట్టెలు తడుతోంది. తట్టి తట్టి మధ్యలో ఆగి, కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, మళ్ళీ తడుతోంది. గుత్తొంకాయ వచ్చింది, పుండికూర పప్పు వచ్చింది, సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నాటుకోడి పులుసు పోశారు. నిరంజన్ చెంచాతో తిన్నాడు, తిని చెంచా పక్కన పెట్టేశాడు. దాంతో అతని భోజనం అయిపోయింది. విశాల చేత్తో తింటోంది. ఆమె ఒక్కతే మిగిలింది.

"ఇంకో రొట్టె."

"వద్దమ్మా."

"సగం."

"నా వల్ల కాదు. పొట్ట పగిలిపోయేలా ఉంది. ఇంత ప్రేమగా నాకెవరూ పెట్టలేదు, నిజంగా, కానీ చాలు."

సుంకులమ్మ గరిటె పట్టుకుని అలాగే గొంతుక్కూర్చుంది. "ప్రేమా ఉండాది, అవసరమూ ఉండాది. దాచి ఏం లాభం. నా కోడలికి నొప్పులొస్తాండాయి మా. పొద్దున్నుంచే వస్తాండాయి. కింద పురుడైతే ఆ బిడ్డని చేపల లెక్కలో రాస్తారు."

విశాలకు అర్థం కాలేదు. సుంకులమ్మ విడమర్చి చెప్పింది. నీళ్ళలో పుట్టినదేదైనా చేపల శాఖ కిందికి వస్తుంది. ఏటా జలాశయంలో చేపలు కాంట్రాక్టరుకు వేలంపాటలో పోతాయి. లెక్కలో ఉన్నవన్నీ అతనివే. ఎదిగినవాటిని వల వేసి పట్టుకుంటాడు. తన పెద్ద కొడుకు కొడుకు మద్దిలేటి కిందనే పుట్టాడు. మీసాలొచ్చిన ఏడాదే వలలో పడ్డాడు. ఐసు పెట్టిన లారీ ఎక్కించి బెంగళూరు పంపారు. అక్కడ ఏదో పెద్ద బిల్డింగు కడుతున్నాడని తెలిసింది. వాణ్ణి తిరిగి ఇమ్మని అడిగితే, పట్టిన చేపను వెనక్కి ఇచ్చే పద్ధతి లేదన్నారు.

"ఈ బిడ్డ నేల మీద పడాల. అంతే మాకు కావాల్సింది. నువ్వు తింటున్నంతసేపే మాకు నేల. ఇంకో ముద్ద తిను మా."

విశాల ఇంకో ముద్ద తింది. ఇంకోటి తింది. ఆ తర్వాతది గొంతు దిగలేదు. ఆకు ఖాళీ అయింది, కడుపులో చోటు లేదు. నిరంజన్‌కు ఇవేవీ వినపడలేదు, కాస్త దూరంలో ఊయల మంచంలో ఊగుతున్నాడు. భార్య తినడం ఆపిందని చూసి, మర్యాదకని లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

"చెయ్యి పట్టు, పోస్తా."

పొయ్యి దగ్గర వీరేశమ్మ పాదాలు అప్పుడే కదిలాయి. రొట్టె చేతిలో ఉండగానే నీళ్ళ వైపు లేచి నిలబడింది. సుంకులమ్మ కొంగు పట్టుకుని వెనక్కి లాగుతోంది, ఆమె పాదాలు కూడా అటే పోతున్నాయి.

విశాల చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "పోయకు. నేనింకా చెయ్యి కడగలేదు," అంది.

పాదాలు ఆగాయి.

ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, భోజనం అయిపోయినట్టుంది కదా."

"అవలేదు."

"ఆకులో ఏమీ లేదే."

"చెయ్యి కడగలేదుగా. మీ ఇళ్ళలో ఎప్పుడు అయినట్టు?"

ఆ ప్రాంతంలో అన్ని ఇళ్ళ పద్ధతీ ఒకటే. వడ్డించినవాళ్ళు నీళ్ళు పోసి చెయ్యి కడిగించేదాకా, విస్తరిలో చెయ్యి పెట్టిన మనిషి తింటున్నట్టే లెక్క. మధ్యలో లేపరు, పని చెప్పరు, అప్పులవాడు వచ్చినా గడప అవతలే నిలబడతాడు. ఉత్తర్వు రాసినవాళ్ళకు ఇది తెలియదు. తినడం అంటే నోటి పని అనుకున్నారు. ఓబులేసుకు తెలుసు.

"ఎంతసేపు కూర్చుంటారు మేడం?"

"నువ్వు ముందు గుడారంలో దుప్పటి పరుచు," అంది విశాల.

ఆమె అలా విస్తరి ముందే కూర్చుంది. చేతి మీద పులుసు ఆరింది, చర్మం బిగిసింది, ఈగలు ముసిరాయి. సంగతి తెలుసుకున్న నిరంజన్ పక్కన కూర్చుని ఈగలు తోలాడు. గుడారంలోంచి వీరేశమ్మ మూలుగులు, సుంకులమ్మ గదమాయింపులు. పొద్దు వాలేలోపు పసిబిడ్డ ఏడ్పు వినిపించింది. ఆడపిల్ల. గాలి పీల్చి ఏడ్చింది. ఆ ఊళ్ళో అలాంటి ఏడుపు విని చాలా కాలమైంది. కింద పుట్టినవాళ్ళు బుడగలు వదులుతారు.

ఓబులేసు బిడ్డను వంగి చూశాడు. "నేల మీద పుట్టింది. మనిషే," అన్నాడు. గట్టు మీద పుట్టింది కాబట్టి గట్టమ్మ అని పేరు పెట్టారు.

బజారి వచ్చి విశాల కాళ్ళకు దండం పెట్టబోయాడు. "మా, ఇక కడుక్కో. పని అయిపోయింది. మేము దిగిపోతాం."

అప్పుడు ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. బిడ్డతో దిగడానికి వీల్లేదన్నాడు. గట్టమ్మ నేల మనిషి. నేల మనిషిని లైఫ్ జాకెట్ లేకుండా జలాశయంలోకి పంపితే అతని ఉద్యోగం పోతుంది. పసిపిల్లల సైజు జాకెట్లు శాఖలో లేవు. చెయ్యి కడిగితే తల్లి కిందికి, బిడ్డ పైన. పాలకు ఏడిస్తే, ఏ శనివారమో ఎవరో వచ్చి తినడం మొదలుపెట్టేదాకా ఆగాలి.

అందరూ విశాల చెయ్యి వైపు చూశారు.

"ఈ చెయ్యి ఇక్కడే కడగాలని ఉత్తర్వులో ఉందా?" అని అడిగింది విశాల.

ఓబులేసు జేబులోంచి ఉత్తర్వు కాగితం తీసి చదివాడు. "తినడం గట్టు మీద మొదలవ్వాలని ఉంది మేడం. ఎక్కడ ముగియాలో రాయలేదు."

సుంకులమ్మ తన కొంగు చింపి ఆ చెయ్యి చుట్టూ కట్టింది. నిరంజన్ కారు తలుపు తీశాడు. అలా విశాల భోజనం చేస్తూనే హైదరాబాదు వెళ్ళిపోయింది.

ఇప్పటికీ చేస్తోంది. ఆఫీసులో ఎడం చేత్తో కంప్యూటరు కొడుతుంది. పక్కనవాళ్ళు మొదట కుర్చీలు జరుపుకున్నారు, ఇప్పుడు వాసనకు అలవాటు పడ్డారు. వానొస్తే ఆ చెయ్యి జేబులో దాచుకుంటుంది. ఇంట్లో నిరంజన్ చెంచా మానేసి, అన్నం తన చేత్తో కలిపి ఆమెకు ముద్దలు పెడుతున్నాడు. "ఆ ట్రిప్పు మనకు మంచే చేసింది," అంటుంది విశాల. గట్టు మీద ఒక గుడారంలో గట్టమ్మ బోర్లాపడుతోంది. సుంకులమ్మ చీర మొట్టమొదటిసారి దండెం మీద ఆరింది. ఆరిన చీరను మొహానికి ఆనించుకుని ఆవిడ చాలాసేపు అలా నిలబడిందట. వాళ్ళు విశాలకు రుణపడ్డామంటారు, విశాల వాళ్ళకు రుణపడ్డానంటుంది. ఈ రెండు మాటలూ నిజమే.

మీ మాట ఒక్కటే అబద్ధం. సంగతి తెలిసి మీరు సిగ్గుపడతారనుకుంటే, పథకం పెట్టారు. 'ఒక చెయ్యి - ఒక కుటుంబం' అట. మనసున్న టూరిస్టులు ముందుకొచ్చి తలా ఒక మునక కుటుంబం కోసం చెయ్యి కడుక్కోకుండా ఉండాలట. విశాల ఫోటో వేసి కృతజ్ఞతలు అని ప్రకటన ఇచ్చారు. జనం కూడా బాగుందన్నారు. కొందరు అప్పుడే బయల్దేరారు. ఊరు ఎందుకు నీళ్ళలో ఉందని ఒక్కరూ అడగలేదు.

ఒక ఆడమనిషి ఎండిపోయిన చేతి మీద ఒక కుటుంబం నిలబడి ఉంది. ఆ చెయ్యి పగుళ్ళిచ్చింది. ఊరు మొత్తాన్ని ఇలా చేతుల మీద నిలబెడతారా? పథకం ఎత్తేయండి. గువ్వలదిన్నెకు నేల చూపించండి, ఉన్నదాంట్లో మంచి నేల. కింద పుట్టిన పిల్లల్ని చేపల లెక్కలోంచి తీసి మనుషుల్లో రాయండి. మద్దిలేటిని బెంగళూరు నుంచి రప్పించి తల్లి దగ్గరికి పంపండి. అదంతా అయ్యాక, అతిథుల భోజనం మా బాధ్యత అని బోర్డు మీరే కదా పెట్టుకున్నారు, వడ్డించినవాళ్ళే నీళ్ళు పోయాలి కాబట్టి, చెంబు పట్టుకుని హైదరాబాదు రండి. విశాల తలుపు తీస్తుంది. వంగి, ఆ చేతి మీద నీళ్ళు మీరే పోయాలి.