కుల్యాష్ ఆర్కిడ్, ఎసిర్కెప్ కిటికీ

అల్మాతీలో మూడో అంతస్తు వంటింటి కిటికీ ఎసిర్కెప్‌ది. రైల్వేలో రిటైరైన దగ్గర్నుంచి అక్కడే కూర్చుని పాల టీ తాగుతూ, కింద ఎవరి కారు ఎవరికి అడ్డమో తీర్పు చెప్పేవాడు. ఇరుగుపొరుగు ఆయనకు కిటికీ మేజర్ అని పేరు పెట్టారు.

కొన్నేళ్ల కిందట భార్య కుల్యాష్ ఆ కిటికీ గట్టు మీద ఆర్కిడ్ కుండీ పెట్టింది. కొన్నప్పుడున్న పూలు రాలాయి. మళ్లీ పూయలేదు. ఆకులు మాత్రం కిటికీని ఆక్రమించాయి. ఇప్పుడు మేజర్‌గారు సగం కార్లకే తీర్పు చెప్పగలుగుతున్నాడు.

పూయని మొక్కకి కిటికీ ఎందుకన్నాడు ఎసిర్కెప్.

"నువ్వేం పూశావని?" అంది కుల్యాష్.

ఆకులు రాలే కాలంలో షిమ్‌కెంట్‌లో కూతురికి కవలలు పుట్టారు. చలికాలం అయ్యేదాకా అక్కడుండి సాయం చేయాలని కుల్యాష్ బయల్దేరింది. రైలెక్కుతూ ఒకటే చెప్పింది: "ఇదిగో ముసలాయనా, మొక్కని కిటికీ కింది హీటర్ పక్కనుంచి కదపకు. దానికి చలి తగలకూడదు."

ఎసిర్కెప్ విన్నాడు. తగిలితే ఏమవుతుందో కూడా ఊహించాడు. ఆ సాయంత్రమే కుండీని అద్దాల బాల్కనీలో, ఊరబెట్టిన టమాటాల సీసాల మధ్య పెట్టాడు. దానంతటదే పోతుంది, తన చేతికి పాపం అంటదు. భార్య ఫోన్ చేసి అడిగితే అందరం వెచ్చగానే ఉన్నామన్నాడు.

కొన్ని వారాలకు టమాటాల కోసం వెళ్తే, ఆకు మొదట్లోంచి పచ్చటి కాడ ఒకటి పొడుచుకొచ్చి ఉంది. వేరనుకున్నాడు. వేరైతే కిందికి పోవాలి. ఇది వెలుతురు వైపు తలెత్తింది. కళ్లజోడు తెచ్చుకున్నాడు. మర్నాటికి కాస్త పెరిగింది. చావడానికి పెట్టిన చోట అది పూయడానికి సిద్ధమవుతోంది. ఎసిర్కెప్ సీసా సంగతి మరిచిపోయి ఆ చలిలోనే నిలబడిపోయాడు.

కుండీని రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గరికి చేర్చాడు. కాడ నిండా మొగ్గలు వచ్చాక భార్యకు ఫోన్ చేశాడు.

"సుయిన్షీ" అన్నాడు.

శుభవార్త తెచ్చినవాడు ఆ మాట అన్నాడంటే అడిగింది ఇవ్వాల్సిందే. కాదనే కజఖ్ ఎవరూ లేరు. ఏం కావాలో అడగమంది కుల్యాష్.

"నీ ఆర్కిడ్ మొగ్గ వేసింది. నా కిటికీ నాకిచ్చెయ్."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఇచ్చాను. పూలు రాలాక తీసుకో. ఇప్పుడు కదిపినా తిప్పినా మొగ్గలు రాల్చేస్తుంది. ఇంతకీ బాల్కనీలో ఎన్నాళ్లుంచావు?"

ఏ బాల్కనీ అన్నాడు ఎసిర్కెప్.

"రాత్రిళ్లు చల్లబడితేనే కాడ వేస్తుందని పూల దుకాణం ఆవిడ ఎప్పుడో చెప్పింది. బయట పెట్టడానికి నాకు చేతులు రాలేదు. నీకు వస్తాయని తెలుసు. పెట్టమంటే పెట్టేవాడివా?"

ఎసిర్కెప్ నిజాయితీగా ఆలోచించాడు. పెట్టేవాడు కాదు.

ఒకరోజు పొద్దున మొదటి మొగ్గ విచ్చింది. తెల్లటి రెక్కలు, లోపల ఊదారంగు గీతలు. కింద రెండు కార్లు ఎదురెదురుగా ఆగి హారన్లు మోగిస్తున్నాయి. ఎవరో మేజర్‌ని పిలిచారు. ఆయన వినిపించుకోలేదు. పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఊపిరి గట్టిగా తగిలితే ఏమవుతుందోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

పూలు ఎండాకాలం దాకా నిలిచాయి. చివరి పువ్వు రాలిన రోజు, అప్పటికే తిరిగొచ్చిన కుల్యాష్ మాట ప్రకారం కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేసింది. ఎసిర్కెప్ కూర్చోలేదు. కుండీని చంకలో పెట్టుకుని, ఆ ఎండలో బాల్కనీ తలుపు తెరిచి, చలి మొదలైందేమోనని చెయ్యి చాచి చూశాడు.