పాత పి.ఎస్., కొత్త బాక్స్

శుక్రవారం ఉదయం సిమతా వేసుకున్న పథకంలో కష్టమైన పని ఏదీ లేదు. ఆఫీసుకు వెళ్ళాలి. మధ్యాహ్నం బావమరిదికి ఫోన్ చేసి ఏది కొనాలో తేల్చుకోవాలి. సాయంత్రం కమ్వాలా అంగళ్ళు మూసేలోగా కొనుక్కుని ఇంటికి చేరాలి. మర్నాడు కొడుకు ఆసుపత్రి నుంచి వస్తున్నాడు. వాడొచ్చే వేళకు వీడియో ఆటల యంత్రం ఒకటి టీవీ పక్కన ఉండాలి.

అది సరదాకు కొనేది కాదు. లిసేలికి పదమూడేళ్ళు. పుట్టినప్పటి నుంచీ సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బు. నొప్పులు మొదలైతే మంచం, ముదిరితే ఆసుపత్రి. మతేరోలో వాళ్ళ వీధి పిల్లలు మొదట్లో పలకరించడానికి వచ్చేవారు. బంతి ఆడలేనివాడి పక్కన ఎంతసేపని కూర్చుంటారు, రానురాను రావడమే మానేశారు. ఈసారి ఆసుపత్రిలో మూడు వారాలున్నా ఒక్కడూ తొంగిచూడలేదు. "పి.ఎస్. ఉంటే వాళ్ళే వస్తారు నాన్నా" అన్నాడు లిసేలి గోడవైపు తిరిగి పడుకుని. ఆ మాట విన్నప్పటి నుంచి సిమతాకు అన్నం సహించడం లేదు.

కొనడం తేలికే, ఏది కొనాలన్నదే తేలలేదు. పి.ఎస్. అంటే ప్లేస్టేషన్. పాతది ఒకటి చవకగా దొరుకుతోంది. కొత్త పి.ఎస్. అందని ధర. పోటీ కంపెనీవాళ్ళ ఎక్స్‌బాక్స్ ఇంకొంచెం కూడబెడితే అందేలా ఉంది. ఒక అంగడివాడు పి.ఎస్. ముందు బాక్స్ ఎందుకూ పనికిరాదన్నాడు. పక్క అంగడివాడు బాక్స్ ముందు పి.ఎస్. ఎంత అన్నాడు. రెండూ అమ్మేవాడు రెండూ కొనమన్నాడు. మోంగులో ఆటల గది నడిపే బావమరిది అకబానా తప్ప సిమతాను ఈ గొడవలోంచి బయటపడేసేవాడు లేడు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. సిమతా పనిచేసే శాఖకు పెద్ద తలకాయ పర్మనెంట్ సెక్రటరీ. లుసాకాలో గేటు కాపలావాడి నుంచి మంత్రి దాకా ఆయన్ను పి.ఎస్. అనే అంటారు. అక్షరాలకు కరువొచ్చిందో ఏమో, పిల్లలాడుకునే యంత్రానికీ ఆ పేరే, ఆయనకీ ఆ పేరే. ఎప్పుడూ నేలమాళిగలో పాత ఫైళ్ళ మధ్య ఉండే సిమతాకు ఈ సంగతి తట్టనే లేదు. అక్కడ సిగ్నల్ అందదని మెట్లమీదికి వచ్చి, గట్టిగా మాట్లాడాడు.

"పాత పి.ఎస్. సంగతి అయిపోయినట్టే అకబానా. నిన్న చూసొచ్చాను. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. ఒకటే గురక. ఉన్నట్టుండి మొత్తం ఆగిపోవడం, తట్టి లేపితే మళ్ళీ కదలడం. ఇంక నమ్మకం లేదు. కొత్త పి.ఎస్. వచ్చేదాకా ఆగుదామంటే మన వల్ల కాదు. బాక్సే గతి. నలుపు రంగు, నున్నగా బావుంది. డబ్బే కొంచెం తక్కువైంది. ఎలాగో రేపటికి ఇంట్లో ఉండాలి."

పై మెట్టుమీద టీ కప్పుతో నిలబడిన టైపిస్టు కసోందే మేడమ్ చేతిలో టీ చల్లారిపోయింది. పి.ఎస్. చిబాంబా గారు బుధవారం సరస్సు ఒడ్డున ఉన్న సియవోంగాలో ఏదో సదస్సుకని వెళ్ళారు. వెళ్ళేటప్పుడు కాస్త దగ్గారు కూడా. ఆవిడ అప్పుడే అనుకుంది, ఈ దగ్గు మంచి దగ్గు కాదని.

ఆవిడ ఆ సంగతి ఒక్కరికే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పింది. అరగంటలో మూడో అంతస్తు దాకా పాకింది. పైకి వెళ్ళేకొద్దీ జబ్బు ముదిరింది. మొదటి అంతస్తులో పి.ఎస్.కు జ్వరం, రెండో అంతస్తులో స్పృహ లేదు, మూడో అంతస్తుకు వచ్చేసరికి శవాన్ని పెట్టే బాక్స్ కొంటున్నారు. ఉప అధిపతి సింకాలా గారు పి.ఎస్. ఫోన్‌కు చేసి చూశారు. ఎత్తలేదు. డ్రైవర్ ఫోన్‌కు చేశారు. అదీ ఎత్తలేదు.

"ఇద్దరూనా?" అంది కసోందే మేడమ్.

"డ్రైవర్ సంగతి తరవాత చూద్దాం" అన్నారు సింకాలా గారు. అని, లేచి, పి.ఎస్. గదిలోకి వెళ్ళి, ఆ కుర్చీ ఎత్తు సరిపోతుందో లేదో ఒకసారి కూర్చుని చూశారు.

"మరి ఈ విషయం సిమతాకెలా తెలిసింది?" అని ఎవరో అడిగారు. దానికీ సమాధానం దొరికింది. పి.ఎస్. భార్యా సిమతా ఒకే జిల్లావాళ్ళు. గుట్టుగా ఏర్పాట్లన్నీ అతని నెత్తిన పెట్టి ఉంటారు. పాపం, బాక్స్‌కు డబ్బు చాలడం లేదట.

కాసేపటికి కసోందే మేడమ్ నేలమాళిగలోకి దిగింది. ఆవిడ అక్కడికి రావడం అదే మొదటిసారి. సిమతా కంగారుగా కుర్చీ తుడిచాడు.

"కూర్చోను. మీరొక్కరే మోస్తున్నారని తెలిసింది" అంది ఆవిడ, ఒక కవరు బల్లమీద పెట్టి. "బాక్స్ కోసం. కాదనకండి."

సిమతా కవరు వైపు చూశాడు. "మీకెవరు చెప్పారు మేడమ్?"

"చెప్పకపోతే మాత్రం తెలియదా? మేమూ మనుషులమే కదా సిమతా గారూ."

ఆవిడ వెనకాలే ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. మెట్లమీద చప్పుడు ఆగలేదు. అందరిదీ ఒకటే మాట, బాక్స్ కోసం. చివర సింకాలా గారే స్వయంగా దిగొచ్చారు. ఆయన కవరు అన్నిటికంటే లావుగా ఉంది. "నలుపే తీసుకోండి. మంచిది తీసుకోండి. తొందరగా తీసుకోండి" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక సిమతా ఫైళ్ళ బీరువా వెనక్కి వెళ్ళి ఏడ్చాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మీ అబ్బాయికెలా ఉందని ఈ ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. వీళ్ళకు మనసే లేదనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. లోపల్లోపల వీళ్ళంతా లిసేలి గురించి బాధపడుతూనే ఉన్నారన్నమాట. బ్రతుకులో అంత తేలికపడ్డ క్షణం అతనికి గుర్తులేదు, అందుకే ఏడుపు తొందరగా ఆగలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక పి.ఎస్. చిబాంబా గారు ఆఫీసులో అడుగుపెట్టారు. సదస్సు ఒకపూట ముందే ముగిసింది. పడవలో ఫోన్లు తడిసి ఆయనదీ డ్రైవర్‌దీ మూగబోయాయి. హాల్లో ఆఫీసు గాయక బృందం చావుపాట సాధన చేస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడి ఒక చరణం విన్నారు.

"బానే ఉంది. ఆడవాళ్ళ గొంతులు కొంచెం పెంచండి" అన్నారు. "ఎవరు పోయారు?"

పాట ఆగిపోయింది. కసోందే మేడమ్‌కే కాస్త ధైర్యం వచ్చింది. "సార్, మీ ఒంట్లో బానే ఉందా?"

"ఆకలిగా ఉంది. ఏం?"

సింకాలా గారు పి.ఎస్. గదిలోంచి బయటికి వస్తూ, లోపల కిటికీ గడియ సరిగ్గా పడుతుందో లేదో చూస్తున్నానని చెప్పారు. చెప్పి, గొంతు తగ్గించి కసోందే మేడమ్‌ను అడిగారు. "ఈయన ఇక్కడుంటే మరి ఆ బాక్స్ ఎవరికి?"

సరిగ్గా అప్పుడే సిమతా కవర్లన్నీ గుండెలకు హత్తుకుని మెట్లెక్కి వచ్చాడు. అందరికీ ఒకేసారి దండం పెట్టుకుందామని వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"సిమతా" అన్నారు సింకాలా గారి మాట చెవిన పడ్డ పి.ఎస్. "ఈ బాక్స్ ఎవరికయ్యా?"

"మా లిసేలికి సార్. మా ఒక్కగానొక్క కొడుకు. వీళ్ళందరి దయవల్ల ఈ సాయంత్రమే కొంటున్నాను. రేపు పొద్దున వాణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకుంటున్నాం."

పి.ఎస్. టోపీ తీశారు.

"ఎన్నేళ్ళు?"

"పదమూడు సార్."

"చాలా బాధపడ్డాడా?"

"చాలా పడ్డాడు సార్. చూడలేకపోయాం. ఇంక బాధ లేదు లెండి. బాక్స్ వచ్చాక హాయిగా ఉంటాడు."

కసోందే మేడమ్ ఒంటికి చుట్టుకున్న చితెంగె బట్ట కొంగు నోట్లో కుక్కుకుంది. పి.ఎస్. జేబులో ఉన్నదంతా తీసి సిమతా చేతిలో పెట్టారు. కమ్వాలా దాకా తన కారు ఇచ్చి పంపారు. కారు గేటు దాటాక ఆయన మళ్ళీ అడిగారు, ఇందాక పాట ఎవరి కోసమని. "ఆ పిల్లాడి కోసమే సార్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఆ రోజు మొత్తంలో వాళ్ళ గొంతులు అంత బాగా కలిసింది అప్పుడే.

కమ్వాలాలో చేతినిండా డబ్బుతో నిలబడ్డప్పుడు సిమతాకు మళ్ళీ పాత తగాదా. ఇప్పుడు కొత్త పి.ఎస్. కూడా అందుతుంది. వీధి పిల్లలందరి దగ్గరా ఉన్నది అదే. కానీ అందరూ బాక్స్ కోసం, బాక్స్ కోసం అని మరీ ఇచ్చారు. ఆ డబ్బుతో ఇంకోటి కొంటే మోసం చేసినట్టుంటుంది. నలుపే తీసుకోమన్నారు కూడా. నల్ల బాక్స్ కొన్నాడు.

శనివారం పొద్దున ఇంటికొచ్చిన లిసేలి దాన్ని చాలాసేపు చూశాడు. తండ్రి ముఖం చూసి నవ్వాడు. తరవాత మెల్లగా అన్నాడు. "బావుంది నాన్నా. మన వీధిలో ఎవరి దగ్గరా లేదు. వాళ్ళ ఆటల డిస్కులు ఇందులో నడవవు."

"అయితే రారంటావా?"

"ఏమో" అన్నాడు లిసేలి. అంటే రారని. తల్లి నమకావ్ వంటింట్లోకి వెళ్ళిపోయింది. సిమతా ఆట మీటలున్న రెండో పాడ్ చేతిలోకి తీసుకుని కొడుకు పక్కన కూర్చున్నాడు. తెరమీద అతని బంతి ఆటగాళ్ళు తమ గోల్ వైపే పరుగెత్తారు. లిసేలి తప్పు పట్టలేదు. తప్పు పట్టినా బావుండేది. ఇంత తప్పు లెక్క వేసినందుకు సిమతాకు తనమీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు వీధి చివర ఏడుపు వినిపించింది. మతేరోలో ఏడుపు కొత్త కాదు, ఎవరింట్లోనో అనుకున్నారు. అది దగ్గరికొచ్చింది. బస్సు చప్పుడూ వినిపించింది. బస్సు వాళ్ళ గేటు ముందే ఆగింది. కసోందే మేడమ్ ముందు, మిగతా ఆడవాళ్ళు వెనక, తలలమీద చేతులు పెట్టుకుని శోకాలు తీస్తూ దిగారు. మగవాళ్ళు కట్టెలు, పెద్ద కుండలు, మొక్కజొన్న పిండి బస్తాలు దించారు. చావింటికి వచ్చినవాళ్ళకు వండిపెట్టే మంటకు చోటు వెతకడం మొదలుపెట్టారు. అందరికంటే చివర నల్ల సూటులో పి.ఎస్. దిగారు, చేతిలో ప్రసంగం కాగితంతో.

తలుపు తీసింది లిసేలి.

"బాబూ" అంది కసోందే మేడమ్ వాణ్ణి కావలించుకుని. "లిసేలి ఎక్కడున్నాడమ్మా, లోపలేనా?"

"నేనే" అన్నాడు లిసేలి.

కసోందే మేడమ్ శోకం సగంలో ఆగింది. వెనకున్నవాళ్ళకు ఏమైందో కనపడక ఇంకాసేపు ఏడ్చారు. ఒకరి తరవాత ఒకరు ఆగారు. పి.ఎస్. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మరి బాక్స్?" అన్నారు ఆయన.

"లోపలుంది. ఆడతారా?"

సిమతా గుమ్మంలోకి వచ్చాడు. బస్సు, కట్టెలు, కుండలు, నల్లబట్టలు ఒక్కొక్కటీ చూశాడు. నిన్నటి మాటలన్నీ ఒక్కసారిగా తిరగబడి వినిపించాయి. వీళ్ళెవరూ లిసేలి గురించి బాధపడినవాళ్ళు కారు. బతికున్న వాడికోసం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నిన్న బీరువా వెనక ఏడ్చిందంతా దండగ. అతను నోరు విప్పి ఉన్నదున్నట్టు చెప్పాడు, డబ్బు మెల్లమెల్లగా తిరిగిచ్చేస్తానన్నాడు. పాత పి.ఎస్. గురక సంగతి వచ్చేసరికి అసలు పి.ఎస్. ఒక్కొక్కరి ముఖంలోకీ చూడటం మొదలుపెట్టారు.

"అంటే మొదట పోయింది నేనన్నమాట" అన్నారు. "అన్నిటికంటే లావు కవరు ఎవరిది?"

"సింకాలా గారిది సార్" అన్నాడు సిమతా అమాయకంగా.

"దుఃఖం ఆపుకోలేక సార్" అన్నారు సింకాలా గారు.

"ఆపుకోకు. చావుకిచ్చింది వెనక్కి తీసుకోవడం నేనెక్కడా చూడలేదు. ఎవరూ తీసుకోరు."

అప్పటికే మంట అంటుకుంది, ఎసరు మరుగుతోంది. తెచ్చిన పిండిని మళ్ళీ బస్సెక్కించడం ఎవరికీ బావుండలేదు. ఆ పిండితో షీమా ముద్ద ఉడికింది. చావు మంట కనిపిస్తే మతేరోలో ఎవరూ ఇంట్లో కూర్చోరు, వీధి వీధంతా వచ్చింది. పిల్లలూ వచ్చారు. ఎవరు పోయారని అడిగి, ఎవరూ పోలేదని తెలిసి కాస్త నిరాశపడి, లోపల ఏదో ఆట నడుస్తోందని విని దూరారు. ఇది పి.ఎస్. కాదేంటని ఒకడు మూతి విరిచాడు. విరిచినవాడే ముందు కూర్చున్నాడు. లిసేలి సింకాలా గారిమీద ఏడు గోల్స్ వేశాడు. ప్రతి గోల్‌కూ పి.ఎస్. చప్పట్లు కొట్టారు.

సిమతా గోడకానుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇల్లు నిండింది. కొడుకు చుట్టూ ఊపిరాడనంత మంది. వాడు అడిగింది ఇదే. అయినా అతనికి సంతోషం రాలేదు. రేపు పొద్దున ఈ గది ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

పొద్దువాలాక కుండలు మళ్ళీ బస్సెక్కాయి. ఆడవాళ్ళు లిసేలి తల నిమిరి వెళ్ళారు. కసోందే మేడమ్ బస్సు మెట్టుమీద ఆగి వెనక్కి తిరిగింది.

"వస్తూ ఉంటాంలే బాబూ" అంది.

"ఈసారి ఎవరు పోయారనుకుని?" అన్నాడు లిసేలి.