బోగన్ పద గౌరవ పునరుద్ధరణ

"బోగన్ అన్నది తిట్టు కాదు, బిరుదు!" అని మా రవాణా మంత్రి లాక్లన్ పెంబర్టన్ గారు ప్రకటించగానే ఆస్ట్రేలియా ఉలిక్కిపడింది. మోటు మనుషుల్ని మావాళ్లు బోగన్లంటారు. అంతకు ముందు వారం, మైకు ఆపేశారనుకుని, "వాలబీ క్రీక్ బోగన్లకి బస్సెందుకు? బీరు కోసమైతే నడవట్లేదూ?" అని సెలవిచ్చింది కూడా వారే. మైకు ఆగలేదు. ఎన్నికలూ ఆగేట్టు లేవు.

ఆ వాలబీ క్రీక్ ఊళ్లోనే నాకో సెలూను ఉంది. మంత్రిగారు నేరుగా అక్కడికే వచ్చారు.

"ముందు పొట్టిగా, వెనక భుజాల దాకా. బోగన్ క్రాపు."

"వెనక వెంట్రుకల్లేవు సార్."

"ప్రజాసేవకి అది అడ్డంకా?"

విగ్గు అతికించాను. గళ్ల చొక్కా, హవాయి చెప్పులు తొడుక్కున్నారు.

"ఎలా ఉన్నాను?"

"అచ్చం మా బావమరిదిలా ఉన్నారు సార్."

వారి కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రమే బారులో సభ. పదం పుట్టుక తేల్చడానికి ప్రొఫెసర్లతో ఒక కమిటీ వేశారు. అది నది పేరని ఒకాయన, బడిపిల్లల తిట్టని ఇంకొకాయన. చివరికి మంత్రిగారు జనాన్నే అడిగారు: "అసలు బోగన్లు ఎవరు?"

"పక్క వీధివాళ్లు," అన్నాడు లారీ డ్రైవరు డాజా.

"మీ వీధివాళ్లే," అన్నారు పక్క వీధివాళ్లు.

కమిటీ రాసుకుంది.

షార్లీన్ లేచింది. ఆమె కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. "ఏమయ్యా మంత్రీ, మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. ఆస్పత్రి బస్సు తీసేశావు. మళ్లీ ఎప్పుడేస్తావు?"

"ముందు పదం, తర్వాత బస్సు తల్లీ. గౌరవం లేకుండా బస్సెక్కి ఏం లాభం?"

ఇంత లోతైన మాట ఏ రవాణా మంత్రీ అనలేదు. "నగరంలో బోగన్ గౌరవ విందు! మీరంతా ముఖ్య అతిథులు!" అని కూడా అన్నారు.

విందు రోజు షార్లీన్‌నీ వాళ్లమ్మనీ నా వ్యానులో తీసుకెళ్లాను. హోటలు గుమ్మం దగ్గర మాకంటే ముందే ఎవరినో ఆపేశారు. చూస్తే అదే విగ్గూ, గళ్ల చొక్కాతో మంత్రిగారు!

"బోగన్లకి ప్రవేశం లేదు," అన్నాడు కాపలావాడు.

"ఎవడు చెప్పాడు?"

"మంత్రిగారి ఆఫీసు."

"నేనే మంత్రిని! నీ కళ్లకి బోగన్‌లా కనిపిస్తున్నానా?" అంటూ విగ్గు పీకి నా చేతిలో పెట్టారు. వారి కారు డ్రైవరు కోటు తెచ్చాడు, బూట్లు తెచ్చాడు. కాపలావాడు సెల్యూట్ కొట్టాడు. మంత్రిగారు లోపలికి నడిచారు.

"వీళ్లు?" అన్నాడు కాపలావాడు వెనకనుంచి.

అప్పటికే వారు వేదికెక్కారు. బయటి స్పీకర్లో గొంతు మోగింది: "నేనూ బోగన్‌నే! ఈ తలుపులు బోగన్లకి ఎప్పుడూ తెరిచే ఉంటాయి!"

షార్లీన్ వాళ్లమ్మ మెట్ల మీద కూలబడింది. లోపల చప్పట్లు మారుమోగాయి. కాపలావాడు కూడా ఆనందంగా చప్పట్లు కొట్టి, తలుపు మూశాడు.