నీలి గీత

ఆ సోమవారం మధ్యాహ్నం లోపు వార్డులోని షుగర్ రోగులందరి పాదాలూ చూసేయాలనుకుంది నర్సు ఫలకికా. టోంగాలో ఓ చిన్న దీవి ఆసుపత్రి అది. ఏడాది కిందట ఆమె తల్లి జ్వరంతో ఇదే వార్డులో చేరింది. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చి షుగర్ చూశారు గానీ, కాలికున్న సాక్సు విప్పి చూసినవారు లేరు. లోపలి పుండు బయటపడేసరికి కాలూ దక్కలేదు, తల్లీ దక్కలేదు. చేరిన రోజే పాదాలు చూడాలన్న నియమాన్ని ఫలకికా అప్పటినుంచీ పై అధికారుల చుట్టూ తిరిగి సాధించింది.

మొదటి మంచం ముసలి తేవితాది. నైలాన్ దారంతో పాదం తాకి చూసి, స్పర్శ లేని చోటు చుట్టూ పెన్నుతో నీలి గీత గీసింది. ఇంతలో డాక్టరు పిలిస్తే, ఏమీ చెప్పకుండానే వెళ్లింది.

"ఈ గీతేంటి తాతా?" అంది పక్క మంచం మెలెసేని.

"ఏమోనమ్మా, గీసేసి పోయింది."

"ఇంకేముంది, కోతకి కొలత! మా ఆయన పడవ చెక్క కోసేముందు ఇలాగే గీస్తాడు."

ఆ మాట వరండా చేరేసరికి రంపం వచ్చింది. గేటు చేరేసరికి ఇద్దరి కాళ్లు పోయాయి. చర్చి ఆడవాళ్లు అక్కడి ఆచారం ప్రకారం సంతాపపు చాపలు నడుముకు చుట్టుకుని పాడుతూ వచ్చారు. ఎవరి కోసమో తెలియక అందరి కోసమూ ఏడ్చారు. మెలెసేని సెలైన్ స్టాండుతో సహా కూతురి ట్రక్కెక్కింది. తేవితా ఆమె వెనకే ఎక్కాడు.

ఫలకికా పరుగెత్తుకొచ్చింది. "కోయడానికి కాదు తాతా, కోయకుండా ఉండటానికి!"

"మీ అమ్మక్కూడా అలాగే చెప్పుంటారు," అనేసి, తేవితా తల దించుకున్నాడు.

ఫలకికా ట్రక్కు అంచున కూర్చుని, చెప్పులు విప్పి, దారం అతని చేతికిచ్చింది. "నా పాదానికే తాకించి చూడు. తగిలినప్పుడల్లా చెబుతా." కళ్లు మూసుకుంది.

పాట ఆగింది. అందరూ చూస్తున్నారు.

"ఊఁ, మొదలుపెట్టు తాతా."

తేవితా దారం కిందికి దించాడు. "ఇప్పటికే అయిదుసార్లు తాకించానమ్మా."

ఆమె కళ్లు తెరిచి, ఎవరి పాదాన్నో చూసినట్టు తన పాదాన్ని చూసుకుంది. ఆమె పాదాన్ని ఇన్నాళ్లూ చూసినవారు లేరు, ఆమెతో సహా.

మెలెసేని స్టాండు పట్టుకుని మెల్లగా దిగింది. ఆ పాదాన్ని చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "పుండింకా పడలేదు. టైముంది తల్లీ," అని, ఆమె పక్కనే కూర్చుని తన సాక్సు విప్పింది. చర్చి ఆడవాళ్లూ ఒక్కొక్కరే చెప్పులు వదిలారు.

తేవితా ఫలకికా జేబులోని నీలి పెన్ను తీసుకుని, ఆమె పాదం మీద గుండ్రంగా గీశాడు. "నొప్పెట్టిందా అమ్మా?" అని అలవాటుకొద్దీ అడిగి, నాలుక కరుచుకున్నాడు.